ఉద్వాసన పొందినవాడి మనవి

మన దేశంలో ఉద్యోగం ఊడినవాడు పాటించవలసిన మర్యాద ఒకటున్నది. వాడు నోరు మూసుకోవాలి. ఊడగొట్టినవాళ్లు దండ వేస్తారు, శాలువా కప్పుతారు, "వీరి సేవలు మరువరానివి" అని ఒక ముక్క చదువుతారు. అంత మరువరానివైతే ఎందుకు పంపిస్తున్నారయ్యా అని వాడు అడగకూడదు. అడిగితే అక్కసు అంటారు. అడక్కపోతే, "చూశారా, నోట మాట లేదు, తప్పు తనదే కాబోలు" అంటారు. ఎటు తిరిగినా నింద తప్పనప్పుడు మాట్లాడి పడడమే మేలని నాకు తోచింది. అందుకే ఈ మనవి.

నేను ఫుట్‌బాల్ కోచ్‌ని. అంటే మొన్న మొన్నటిదాకా. సికిందరాబాదులో ఒక జట్టుకు నాలుగు సీజన్లు ఆట నేర్పాను. జట్టు పేరు చెప్పను. ఆ పేటవాళ్లకు చెప్పనక్కరలేదు, మిగతావాళ్లకు పేరుతో పనిలేదు. లీగు ముగిసిన వారం తిరక్కుండానే కమిటీవారు నన్ను పిలిచి కుర్చీ వేశారు, కాఫీ తెప్పించారు, "మార్పు కావాలనుకుంటున్నామండీ" అన్నారు. కాఫీ చల్లారేలోగా పని అయిపోయింది.

అసలు ఆట ఆ తర్వాత మొదలైంది. టీ హోటల్లో, మైదానం పిట్టగోడ మీద, కుర్రకారు సెల్‌ఫోన్లలో నా నాలుగేళ్ల మీద విచారణ జరిగింది. సాక్షులు లేరు, వకీళ్లు లేరు, ముద్దాయికి కబురన్నా లేదు. తీర్పు మాత్రం వచ్చింది.

"పోనిద్దురూ! ఆ ఎండలో నిలబడి అరిచే బాధ తప్పింది. ఇప్పుడు పత్రికకెక్కి ఏం సాధిస్తారట?" అన్నది మా ఆవిడ.

మా బావమరిది లోకజ్ఞానం కలవాడు. "బావా, మీరు నోరు విప్పకండి. విప్పారంటే రేపు ఇంకో జట్టువాడు పిలవడు" అన్నాడు.

ఇద్దరి మాటా సబబైనదే. నా ఒక్కడి పరువే అయితే విని ఊరుకునేవాణ్ణి. కాని వచ్చే సీజనుకు జట్టును ఎంపిక చేసే జాబితాలో మూడు పేర్ల ఎదుట ప్రశ్నార్థకాలు పడ్డాయని తెలిసింది. ఆ ముగ్గురూ నేను గల్లీల్లోనుంచి తెచ్చి పెట్టిన కుర్రాళ్లు. వాళ్ల ఆటలో లోపమేమిటని అడిగితే, "వాళ్లు ఆయన మనుషులు గదండీ" అన్నారట. అంటే నా నాలుగేళ్లూ దండగ అని తేలితే, వాళ్లు కూడా దండగే అవుతారన్నమాట. కోచ్ పోతే ఇంకో కోచ్ వస్తాడు. ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడి ఒక సీజను పోతే ఎవరు తెచ్చి ఇస్తారు?

కనుక నా మీద మోపిన నేరాలకు వరసగా జవాబు చెప్పుకుంటాను.

మొదటి నేరం: ఆఖరి ఆరు ఆటల్లో ఒక్కటీ గెలవలేదు.

నిజమే. నాలుగు ఓడాం, రెండు సమంగా ముగిశాయి. కాని నేను వచ్చేనాటికి మా జట్టు పది జట్లలో తొమ్మిదోది. నా మొదటి ఏడు ఏడోస్థానం, రెండో ఏడు నాలుగు, మూడో ఏడు రెండు, ఈ ఏడు అయిదు. రెండోస్థానంనుంచి చూసేవాళ్లకు అయిదోస్థానం గొయ్యిలాగా కనిపిస్తుంది. తొమ్మిదోస్థానంనుంచి చూసినవాణ్ణి గనుక నాకు అది మేడలాగే కనిపిస్తున్నది. నాలుగేళ్ల పుస్తకంలో ఆఖరి పేజీ ఒక్కటి చింపుకొని పోయి, ఇదే కథంతా అని చదివి వినిపిస్తే ఏ పుస్తకం నిలుస్తుంది?

ఈ మాట చెప్పడానికి నేను పరదేశం వెళ్లనక్కరలేదు. మన హైదరాబాదులోనే రహీం సాబ్ ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన చేతిలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన తీర్చిన భారత జట్టుకు బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటేడే హెల్సింకీ ఒలింపిక్స్. మనవాళ్లు చాలామంది ఉత్తి కాళ్లతో ఆడారు. యుగోస్లావియా మన మీద పది గోళ్లు కొట్టింది, మనం ఒక్కటి కొట్టాం. పదికి ఒకటి! నేటి పిట్టగోడ పండితులు ఆనాడు ఉండివుంటే ఆయన రైలు దిగకముందే ఉద్వాసన చెప్పి ఉండేవారు.

అయినా నాలుగేళ్ల తర్వాత 1956లో మెల్బోర్న్ వెళ్లిన జట్టుకూ ఆయనే కోచ్. అక్కడ మనవాళ్లు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు, నెవిల్ డిసూజా ఒక్కడే మూడు గోళ్లు కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది. మొదటి గోలు మనదే. ఆఖరికి 4–1తో ఓడినా, ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం దక్కింది. అంతకన్న పైకి మన ఫుట్‌బాల్ నేటికీ పోలేదు.

1962లో జకార్తా కథ ఇంకా విచిత్రం. ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. ఆ సాయంకాలం ఎవరైనా లెక్క తీసి ఉంటే రహీం పని అయిపోయిందనే అనేవారు. సెప్టెంబరు 4న ఫైనలు. ఎదుట అదే దక్షిణ కొరియా. ప్రదీప్ బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టగా 2–1తో బంగారు పతకం మనదైంది. క్యాన్సరు పీడిస్తున్న శరీరంతోనే రహీం సాబ్ ఆ జట్టును నడిపించారు. 1963 జూన్‌లో పోయారు. మొదటి ఆట చూసి కొలిచినవాడికి దొరికే రహీం ఒకడు, ఫైనలు చూసి కొలిచినవాడికి దొరికే రహీం ఇంకొకడు. మనిషి మాత్రం ఒక్కడే.

రెండో నేరం: నేను గోళ్లు కొట్టడం నేర్పలేదు, గోళ్లు కాచుకోవడం నేర్పాను. చూసేవాళ్లకు ఆవలింతలు వస్తున్నాయి.

ఇంటికి తలుపులు లేవు, దొంగలు రోజూ వచ్చిపోతున్నారు. అప్పుడు వచ్చిన కొత్త అల్లుణ్ణి పట్టుకొని, ముందు గోడలకు రంగులు వేయించు నాయనా అంటే ఎలా? నేను ముందు తలుపులు పెట్టించాను. మా బ్యాకులు నలుగురూ తమ చోటు తెలిసి నిలబడడం నేర్చుకున్నాకే మూడో ఏడు రెండోస్థానం వచ్చింది. ఆ ఏడు ఎవరికీ ఆవలింతలు రాలేదు, గోడ దూకి మరీ వచ్చారు.

ఇంగ్లండులో లెస్టర్ సిటీ అనే జట్టు ఉన్నది. 2015లో సీజను మొదలయ్యేటప్పుడు ఆ జట్టు గెలుస్తుందని ఒక పౌను కాస్తే అయిదువేల పౌన్లు ఇస్తామన్నారు పందేలవాళ్లు. ఇటలీనుంచి వచ్చిన క్లాడియో రానియేరి దాన్ని నడిపాడు. అక్కడ కోచ్‌ని మేనేజరంటారు. 2016 మార్చి మొదలుకొని ఏప్రిల్ మొదటివారం లోపల ఆ జట్టు వరసగా నాలుగు ఆటలు 1–0తో గెలిచింది. ఒక్కొక్క గోలు! ఆ ఒక్కొక్క గోలే కూడి ఇంగ్లండు లీగు కప్పయింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. తొమ్మిది నెలలు గడిచాయి. 2017 ఫిబ్రవరిలో ఆ రానియేరికే ఉద్వాసన అయింది. కప్పు తెచ్చినవాడికే తొమ్మిది నెలల అప్పు దొరకలేదంటే, అయిదోస్థానం తెచ్చినవాడు ఏ మూలకు?

మూడో నేరం: పేరున్న ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టి, మీసాలు రాని కుర్రాళ్లను ఆడించాను.

ఆ పేరున్న ఆటగాడు నాకు మిత్రుడు. అతని కాలి సొగసు ఈ పేటలో ఇంకొకరికి రాదు. కాని మొదటి ఇరవై నిమిషాలు ఆడి, తక్కిన డెబ్భై నిమిషాలు అతను చేత్తో దారి చూపిస్తాడు. పరుగెత్తవలసినవాడు ఇంకొకడు. ఆ ఇంకొకడికే చోటిస్తే నష్టమేమని నేను అనుకున్నాను. ఆ కుర్రాళ్లు వచ్చిన ఏడే మేము రెండోస్థానానికి ఎక్కాం. ఆ సంగతి విచారణలో ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

ఇదీ నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. మన సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్బోర్న్ వెళ్లిన జట్టులో ఉన్నప్పుడు అతనికి ఇరవై ఏళ్లు. జకార్తాలో బంగారు పతకం తెచ్చినప్పుడు ఇరవై ఆరు నిండలేదు. పెద్దపేర్లు ఉన్నాయి గదా, ఈ అమ్ముగూడ కుర్రాడెందుకని రహీం సాబ్ అనుకుని ఉంటే, 2023లో బలరాం పోయినప్పుడు దేశమంతా తలుచుకోవడానికి మనకు బలరామే ఉండేవాడు కాడు.

నాలుగో నేరం: నా నోరు మంచిది కాదు.

మైదానంలో నేను అరుస్తాను. తొంభై గజాల దూరాన ఉన్నవాడికి చెవిలో రహస్యం చెప్పడం నాకు రాదు. మైదానం దాటాక ఏ కుర్రాణ్ణీ పల్లెత్తు మాట అనలేదని ఆ కుర్రాళ్లే చెబుతారు, అడిగేవాళ్లుంటే.

నోటి దురుసుకు పెట్టింది పేరు ఇంగ్లండులో బ్రయన్ క్లఫ్. 1972లో డర్బీ జట్టుకు లీగు కప్పు తెచ్చినవాడు. 1974లో లీడ్స్ జట్టు అతన్ని మేనేజరుగా తెచ్చుకున్నది. అప్పటికి లీడ్స్ ఇంగ్లండు ఛాంపియను. దాన్ని అంతవాణ్ణి చేసిన డాన్ రెవీ దేశపు జట్టుకు మేనేజరై వెళ్లాడు. క్లఫ్ వస్తూనే, మీ పతకాలన్నీ చెత్తబుట్టలో పారేయండి, అవి న్యాయంగా గెలిచినవి కావు అన్నాడని ప్రతీతి. పెద్ద ఆటగాళ్లు ముఖాలు ముడుచుకున్నారు. లీగులో ఆరు ఆటలు ఆడి ఒక్కటి గెలిచారు. నలభై నాలుగు రోజులకు సెప్టెంబరు 12న క్లఫ్ ఉద్యోగం ఊడింది.

ఆ రాత్రి అతను ఇంటికి పోయి దుప్పటి కప్పుకోలేదు. తిన్నగా టెలివిజన్ స్టూడియోకు పోయాడు. పక్క కుర్చీలో ఎవరనుకున్నారు? ఆ డాన్ రెవీయే! ఊడిన రోజున, తనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడి ఎదుటే, తన పని తాను సమర్థించుకున్నాడు. ఎంత పొగరని ఆనాడు చాలామంది అనుకున్నారు. కాని 1975 జనవరిలో అతను నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే జట్టుకు వెళ్లాడు. అప్పటికి అది రెండో తరగతి లీగులో ఆడే జట్టు. 1977లో పై లీగుకు ఎక్కింది. 1978లో ఇంగ్లండు లీగు కప్పు గెలిచింది. 1979లోనూ 1980లోనూ యూరపు కప్పు గెలిచింది. మనిషి అతనే, నోరు అదే. లీడ్స్‌లో పనికిరానిది నాటింగ్‌హామ్‌లో ఎలా పనికివచ్చిందో నా మీద తీర్పు చెప్పినవారు చెప్పాలి.

నాలుగు నేరాలూ అయ్యాయి. ఇక మన దేశపు సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను.

ఇగోర్ స్టిమాచ్ క్రొయేషియావాడు. 1998 ప్రపంచ కప్పులో మూడోస్థానం సంపాదించిన జట్టులో బ్యాకు. 2019లో మన దేశపు జట్టుకు కోచ్‌గా వచ్చాడు. 2021లోనూ 2023లోనూ దక్షిణాసియా కప్పు గెలిపించాడు. 2023 జూలైలో మన జట్టు ప్రపంచ పట్టికలో 99వ స్థానానికి ఎక్కింది. ఆ తర్వాత గాలి తిరిగింది. 2024 జనవరిలో ఆసియా కప్పులో మూడు ఆటలూ ఓడి ఒక్క గోలూ కొట్టలేదు. మార్చిలో గౌహతిలో ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 2–1తో ఓడారు. జూన్ 11న దోహాలో కతార్ మీద ముందు మనవాళ్లే గోలు కొట్టారు. తర్వాత బంతి గీత దాటి బయటికి పోతే, దాన్ని వెనక్కి లాగి కొట్టిన గోలును రిఫరీ ఒప్పుకున్నాడు. ఆఖరికి అక్కడా 2–1. ప్రపంచ కప్పు దారి మూసుకున్నది. జూన్ 17న సమాఖ్యవారు స్టిమాచ్‌కు ఉద్వాసన చెప్పారు.

నాలుగు రోజులు తిరక్కుండా అతను విలేఖరులను ఇంటర్నెట్టులో సమావేశపరచి గంటల తరబడి తన లెక్క తాను చెప్పుకున్నాడు. శిక్షణ శిబిరాలకు కావలసినన్ని రోజులు ఇవ్వలేదన్నాడు, కోరిన సదుపాయాలు రాలేదన్నాడు. సమాఖ్యవారు ఆ మాటలను ఖండించారు. ఆ తగాదాలో ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. నా దృష్టి తర్వాత జరిగినదాని మీద ఉన్నది.

అతని స్థానంలోకి స్పెయినువాడు మనోలో మార్కెజ్ వచ్చాడు. ఈయన మనకు బాగా తెలిసినవాడు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాదు జట్టు కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆ రాత్రి మా వీధిలో కుర్రాళ్లు టపాకాయలు కాల్చారు. అంతటివాడు దేశపు జట్టును ఎనిమిది ఆటలు నడిపి ఒక్కటే గెలిచాడు. 2025 జూలైలో ఆయనా వెళ్లిపోయాడు. గోవాలో ఉన్న తెలివి రెండు మూడేళ్లలో ఆవిరైపోతుందా? పాత కోచ్ పోతే పాత కష్టాలు ఆయన పెట్టెలో సర్దుకొని పోతాడనుకుంటాం. అవి ఇక్కడే ఉండి కొత్తాయనకు స్వాగతం చెబుతాయి.

దీన్ని లెక్క కట్టి చూసినవాళ్లూ ఉన్నారు. హాలెండు పెద్ద లీగులో 1986 నుంచి 2004 దాకా జరిగిన ఉద్వాసనలను అక్కడి ఆర్థిక శాస్త్రజ్ఞుడు బాస్ టెర్ వేల్ పరిశీలించాడు. వరసగా ఓడుతున్న జట్టు మేనేజరును మార్చాక కాస్త కోలుకుంటుంది, నిజమే. కాని అంతే చెడ్డగా ఓడుతూ మేనేజరును మార్చని జట్టు కూడా అలాగే కోలుకుంటుందట! మన ఇళ్లలో ముసలమ్మలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. జ్వరం ముదిరిన రోజున వైద్యుణ్ణి మారుస్తాం. మర్నాడు జ్వరం దిగుతుంది. కొత్త వైద్యుడు ధన్వంతరి అంటాం, పాత వైద్యుడి వంక చూడం. దిగవలసిన రోజు వచ్చి దిగిన జ్వరం పాపం ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇదంతా విని, "అయితే మళ్లీ ఆ కుర్చీ కావాలా?" అని మా ఆవిడ అడిగింది. అక్కరలేదన్నాను. కమిటీవారికి కోచ్‌ని మార్చే అధికారం ఉన్నది. అది వారి జట్టు. ఎవరు వచ్చినా మూడు సీజన్లు గడువివ్వండి, ఆఖరి ఆరు ఆటలు చూసి లెక్క తేల్చకండి అన్నదే వారికి నా మనవి. మూడు ప్రశ్నార్థకాలూ చెరిపేయండి. వాళ్లు నా మనుషులు కారు. మీ జట్టులో ఆడుతున్నారు గనుక మీ మనుషులే. ఎంపిక నాడు అందరితోపాటు పరుగెత్తించి, బాగా ఆడితే ఉంచండి, ఆడకపోతే పంపండి.

కొత్త కోచ్‌గారికి ఒక్క మాట. ఆయన నాకు ముఖపరిచయం లేదు, ఆయన మీద కోపమూ లేదు. అయ్యా, ఎడమ బ్యాకు కుర్రాడు తెల్లవారుజామున ఇళ్లకు పాలపాకెట్లు వేసి సైకిలు మీద వస్తాడు. రోజూ పది నిమిషాలు ఆలస్యమవుతుంది. దాన్ని క్రమశిక్షణ లోపమనుకోకండి. వచ్చీ రాగానే వాణ్ణి పరుగెత్తమనకండి, ఒక అరటిపండు పెట్టించండి. ఆ తర్వాత వాడు ఎంతసేపు పరుగెత్తుతాడో మీరే చూస్తారు.